చెరకు మిల్లుల రాతి పొగగొట్టాలు: పరిశీలన, పోషణ

మారిషస్ ద్వీపంలో చెరకు చేల నడుమ అక్కడక్కడ నల్లరాతి పొగగొట్టాలు ఒంటరిగా నిలిచి కనిపిస్తాయి. ఇవి 19వ శతాబ్దపు చక్కెర మిల్లుల శేషాలు. మిల్లు గోడలు కూలిపోయినా, యంత్రాలు తుక్కుగా అమ్ముడుపోయినా, కార్మికుల వసతి వరుసలు ఆనవాలు లేకుండా పోయినా, పొగగొట్టం మాత్రం చాలాచోట్ల మిగిలింది. ఒప్పంద కూలీలుగా వచ్చిన పూర్వికులు ఏ తోటలో పనిచేశారో పిల్లలకు వేలెత్తి చూపడానికి కొన్ని కుటుంబాలకు మిగిలిన గుర్తు అదొక్కటే.

ఆ కట్టడాల నిర్మాణాన్ని, అవి శిథిలమయ్యే తీరును, వాటిని పరిశీలించే పద్ధతిని, మరమ్మతులో పాటించవలసిన నియమాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన విషయం ఇది: నల్లరాయి సులభంగా చెడదు, రాళ్ల మధ్య ఉన్న సున్నం చెడుతుంది. కట్టడం ఆయువు ఆ సున్నం మీదనే ఆధారపడి ఉంటుంది. సదుద్దేశంతో పూసిన సిమెంటు ఆ ఆయువును పెంచకపోగా తగ్గిస్తుంది.

తెలుగును మళ్లీ నేర్చుకొంటున్న పాఠకుల కోసం తాపీ పనికి చెందిన తెలుగు మాటలనే వీలైనంతవరకు ఇక్కడ వాడాము. వాటి అర్థాలు వ్యాసం చివర ఉన్నాయి.

చారిత్రక నేపథ్యం

మారిషస్‌లో బానిసత్వం 1835 ఫిబ్రవరి 1న రద్దయింది. అంతకు మూడు నెలల ముందు, 1834 నవంబరు 2న, అట్లాస్ అనే ఓడ 36 మంది భారతీయ ఒప్పంద కూలీలతో పోర్ట్ లూయీ రేవుకు చేరింది. ఆ తరువాతి దశాబ్దాలలో సుమారు నాలుగున్నర లక్షల మంది భారతదేశం నుండి ఈ ద్వీపానికి వచ్చారు. వారిలో తెలుగువారు ప్రధానంగా ఉత్తర కోస్తా జిల్లాలకు చెందినవారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా వారిని ఇక్కడ కొరింగీలని పిలిచేవారు.

చెరకు గానుగలు మొదట పశువుల బలంతోను, నీటి చక్రాలతోను, గాలి మరలతోను తిరిగేవి. 19వ శతాబ్దంలో ఆవిరి యంత్రాలు వచ్చాయి. బాయిలరు కింద మంటకు, రసం కాచే పొయ్యిలకు చెరకు పిప్పియే ఇంధనం. మంట నిలవాలంటే పొయ్యిలోకి గాలి ఎడతెగకుండా రావాలి. వేడెక్కిన పొగ చుట్టూ ఉన్న గాలికంటే తేలిక కాబట్టి గొట్టం గుండా పైకి పోతుంది. దాని వెంట కొత్తగాలి పొయ్యిలోకి లాగబడుతుంది. గొట్టం ఎంత ఎత్తుగా ఉంటే లాగుడు అంత బలంగా ఉంటుంది. పొగగొట్టాలు అంత ఎత్తున కట్టడానికి ఆడంబరం కారణం కాదు, ఈ అవసరమే కారణం.

కాలక్రమాన చిన్న మిల్లులు మూతపడి పెద్ద మిల్లులలో కలిసిపోయాయి. నేడు ద్వీపంలో చక్కెర తీసే మిల్లులను వేళ్ల మీద లెక్కించవచ్చు. మూతపడిన వాటిలో కొన్నింటికి కొత్త ఉపయోగం దొరికింది. 1999లో ఆగిపోయిన బో ప్లాన్ మిల్లు 2002లో చక్కెర చరిత్రను తెలిపే మ్యూజియంగా తెరుచుకొంది. తక్కిన చోట్ల కట్టడాలు ఎండకు, వానకు, తుఫానులకు ఒడ్డి ఉన్నాయి.

కూలీలు ఓడ దిగిన పోర్ట్ లూయీలోని ఆప్రవాసి ఘాట్ కూడా ఇదే రాతితో, ఇదే సున్నంతో కట్టినది. 1849లో మొదలైన ఆ వలస కేంద్రాన్ని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. రేవు నుండి పైకి ఎక్కే 16 రాతి మెట్లు నేటికీ అక్కడ ఉన్నాయి. పొగగొట్టాల గురించి ఇక్కడ చెప్పిన నియమాలు అటువంటి కట్టడాలన్నింటికీ వర్తిస్తాయి.

ఆ కాలంలోనే సముద్రానికి ఆవల గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం సాగింది. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ప్రారంభమై 1852లో పూర్తయిన ఆ ఆనకట్టకు కూడా రాయి, సున్నమే ఆధారం. గోదావరి తీరాన్ని విడిచి వచ్చినవారికి ఇక్కడి కట్టడాలలోని సున్నపు పని కొత్త వింత కాదు. రాయి మారింది, సున్నం చేసే మూలపదార్థం మారింది. పని తీరు మాత్రం ఒకటే.

రాయి, సున్నం, గోడ అమరిక

మారిషస్ అగ్నిపర్వతాల వల్ల పుట్టిన ద్వీపం. ఇక్కడ దొరికే ప్రధానమైన రాయి బసాల్టు. లావా చల్లబడి గట్టిపడగా ఏర్పడిన ఈ నల్లరాయి బరువైనది, దృఢమైనది. కొన్ని రాళ్లలో గాలి బుడగలు మిగిల్చిన చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. గట్టి బసాల్టు నీటిని చాలా తక్కువగా పీలుస్తుంది. ఈ గుణం ఎందుకు ముఖ్యమో ముందు తెలుస్తుంది.

ద్వీపంలో సున్నపురాయి కొండలు లేవు. అందువల్ల తీరంలో దొరికే పగడపు రాళ్లను బట్టీలలో కాల్చి సున్నం చేసేవారు. పగడపు రాయిలో ఉన్నది కాల్షియం కార్బొనేట్. దానిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోయి కాల్చిన సున్నం మిగులుతుంది. దాని మీద నీరు పోస్తే బుసబుసమని పొంగి, వేడి చిమ్మి, తడిసున్నంగా మారుతుంది. ఇసుక కలిపి గోడలో పెట్టిన తరువాత ఆ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును నెమ్మదిగా పీల్చుకొని మళ్లీ కాల్షియం కార్బొనేట్ అవుతుంది. అంటే రాయిగా మొదలైనది మళ్లీ రాయి అవుతుంది. ఈ మార్పు పైనుండి లోపలికి నెలల తరబడి, మందమైన గోడలలో ఏళ్ల తరబడి సాగుతుంది.

ఆంధ్ర దేశంలో ఇటువంటి సున్నాన్ని ఇసుకతో కలిపి ఎద్దులు తిప్పే రాతి గానుగలో మెత్తగా నూరేవారు. అందుకే దానికి గానుగ సున్నమని పేరు వచ్చింది. తేమ తగిలే చోట ఇటుకపొడి కలిపేవారు. ఆ పొడికి సుర్ఖీ అని పేరు. పట్టు పెరగడానికి కరక్కాయ నానిన నీరు, బెల్లపు నీరు కలపడం కూడా అక్కడి మేస్త్రీల వాడుక. ఇక్కడ ఏ పొగగొట్టంలో ఏమి కలిపారో ఆ కట్టడపు గచ్చును పరీక్షించి మాత్రమే నిర్ణయించాలి.

గోడను అడ్డంగా కోసి చూడగలిగితే మూడు పొరలు కనిపిస్తాయి. వెలుపల చెక్కిన రాళ్ల వరుసలు, లోపల మరొక ముఖం, వాటి నడుమ చిన్న రాళ్లు, సున్నం కలిపి నింపిన పొర. రెండు ముఖాలను కలపడానికి అక్కడక్కడ గోడ మందమంతా పట్టే పొడవాటి రాళ్లను పెడతారు. వెలుపలి రాళ్లు గోడకు రూపమిస్తాయి, నడిమి పొర వాటిని ఒకటిగా పట్టి ఉంచుతుంది. నడిమి పొరలోని సున్నం కొట్టుకుపోతే మిగిలేది పట్టులేని రాళ్ల కుప్ప మాత్రమే.

శిథిలతకు కారణాలు

నీరు. అన్నింటికీ మూలం నీరే. మారిషస్ తీరంలో పొడిగా ఉండే పడమటి భాగాలకు ఏడాదికి సుమారు 900 మిల్లీమీటర్ల వాన పడితే, నడిమి పీఠభూమి మీద కొన్నిచోట్ల 4,000 మిల్లీమీటర్ల వరకు పడుతుంది. పొగగొట్టానికి పైకప్పు ఉండదు. నోటిలో పడిన వాన లోపలి ముఖం వెంట దిగుతుంది. పై వరుసలలో గచ్చు రాలిపోయిన సందుల గుండా నడిమి పొరలోకి ఇంకుతుంది. రాయి నీటిని పీల్చదు కాబట్టి ఇంకిన నీరు బయటికి రావడానికి ఉన్న దారి రాళ్ల మధ్య అతుకులే. సున్నపు గచ్చుకు సన్నని రంధ్రాలుంటాయి. అది తడిసినా తిరిగి ఆరుతుంది. ఆ అతుకులు తెరిచి ఉన్నంతకాలం గోడ తడుస్తుంది, ఆరుతుంది, నిలుస్తుంది.

సిమెంటు. పోర్ట్‌లాండ్ సిమెంటుకు 1824లో ఇంగ్లండులో పేటెంటు లభించింది. కాని పాత కట్టడాల మరమ్మతులో దాని వాడుక విస్తరించినది 20వ శతాబ్దంలో. సిమెంటు పూత గట్టిగా, నున్నగా, శుభ్రంగా కనిపిస్తుంది. అయితే అది నీటిని బయటికి పోనివ్వదు. పైనుండి ఇంకిన నీరు సిమెంటు వెనుక నిలిచి, నడిమి పొరలోని సున్నాన్ని కరిగించి కిందికి మోసుకుపోతుంది. సిమెంటుకు సాగే గుణం తక్కువ. ఎండకు వ్యాకోచించి రాత్రి సంకోచించే గోడతో పాటు అది కదలలేదు. అందువల్ల సిమెంటు అంచున సన్నని బీట ఏర్పడుతుంది. ఆ బీట నీటిని లోపలికి రానిస్తుంది, వెళ్లనివ్వదు. మెత్తని ఇటుక గోడ అయితే ముఖం పెచ్చులూడి ప్రమాదాన్ని ముందే తెలుపుతుంది. బసాల్టు అలా తెలపదు. వెలుపలి రాళ్లు చెక్కుచెదరకుండా కనిపిస్తూ ఉండగానే లోపల గోడ డొల్లపడుతుంది. ఏళ్ల తరువాత ఒక తుఫాను రాత్రి అది ఒక్కసారిగా విచ్చుకుంటుంది.

చెట్లు. మర్రి, రావి జాతుల పండ్లు తిన్న పక్షుల రెట్టలతో విత్తనాలు పై వరుసలకు చేరుతాయి. అతుకులోని కొద్దిపాటి మట్టి, తేమ చాలు, అవి మొలకెత్తడానికి. వేరు సందులోకి దారంలా దిగి, లావెక్కుతూ రాళ్లను పక్కకు నెడుతుంది. రావి మొక్క కనిపించిన చోట అప్పటికే సున్నం పోయి తేమ నిలిచిందని అర్థం. మొక్క చేటు మాత్రమే కాదు, సూచన కూడా.

ఇనుము. కొన్ని పొగగొట్టాలకు ఇనుప పట్టీలు, మేకులు, లోపల ఎక్కడానికి మెట్టు కడ్డీలు ఉంటాయి. ఇనుము తుప్పు పట్టినప్పుడు దాని పరిమాణం అనేక రెట్లు పెరుగుతుంది. రాతిలో దిగిన కడ్డీ తుప్పుతో ఉబ్బి, ఎంత గట్టి రాయినైనా చీల్చగలదు. సముద్రపు ఉప్పుగాలి ఈ పనిని వేగిరపరుస్తుంది.

ఉప్పు. తీరం దగ్గర గాలి మోసుకొచ్చిన ఉప్పు, గచ్చులో కలిపిన సముద్రపు ఇసుకలోని ఉప్పు తేమతో కలిసి అతుకులలోకి చేరుతుంది. నీరు ఆరినప్పుడు ఉప్పు స్ఫటికాలుగా మారి గచ్చును పొడిపొడి చేస్తుంది. గోడ మీద తెల్లని బూజులా కనిపించే పొర తరచుగా ఇదే.

గాలి, పిడుగు. 1960లో కరోల్, 1975లో జెర్వేజ్ తుఫానులను చూసిన పెద్దలు నేటికీ ద్వీపంలో ఉన్నారు. ఎత్తైన సన్నని కట్టడం మీద గాలి ఒత్తిడి పాదం వద్ద ఎక్కువ బలంతో పనిచేస్తుంది. గట్టి గోడ ఆ ఒత్తిడిని తన బరువుతో తట్టుకొంటుంది. డొల్లపడిన గోడ తట్టుకోలేదు. పిడుగు కడ్డీని పాదానికి దింపిన రాగి తీగ దొంగల పాలయిన చోట పిడుగు ప్రమాదం కూడా ఉంది.

మనుషులు. పడిపోయిన రాళ్లను ఇళ్లకు మోసుకుపోవడం, పాదం దగ్గర చెత్త కాల్చడం, ట్రాక్టరు దున్నుతూ పునాదిని తవ్వడం తెలిసిన చేటులే. భక్తితో చేసిన పని కూడా చేటు కావచ్చు. పొగగొట్టం పాదం చుట్టూ సిమెంటు అరుగు కడితే వాన నీరు గోడ మొదట్లో నిలుస్తుంది. నేలలోని చెమ్మ బయటికి పోయే దారి మూసుకుంటుంది. అరుగు కావాలంటే గోడకు ఒక అడుగు ఎడంగా, నీరు బయటికి జారే వాలుతో కట్టాలి.

పరిశీలన పద్ధతి

ఏడాదికి రెండుసార్లు పరిశీలించడం మంచిది. మొదటిది తుఫానుల కాలానికి ముందు, అక్టోబరులో. రెండవది ఆ కాలం ముగిశాక, మే నెలాఖరులో. పెద్ద తుఫాను దాటిన ప్రతిసారీ అదనంగా మరొకటి చేయాలి. చాలా పొగగొట్టాలు ఎస్టేటు భూములలో ఉన్నాయి కాబట్టి యజమాని అనుమతి ముందుగా తీసుకోవాలి.

భద్రత అన్నింటికంటే ముందు వస్తుంది. కట్టడం ఎక్కకూడదు. కింది ద్వారం గుండా లోపలికి తల దూర్చకూడదు. తాజాగా పడిన రాళ్లు గాని, కొత్త ఉబ్బు గాని కనిపిస్తే పొగగొట్టం ఎత్తుకు తక్కువ కాని దూరంలో నిలబడి, ఇతరులను కూడా దూరంగా ఉంచి, ఇంజనీరుకు కబురు చేయాలి. గాలి వీచే రోజున దగ్గరికి పోకూడదు.

సామాన్యులు చేయగల పరిశీలనకు పెద్ద సామగ్రి అక్కరలేదు. దుర్భిణి, కెమెరా, కొలత పట్టీ, దారానికి కట్టిన గుండు, చిన్న కొయ్య సుత్తి, నోటుపుస్తకం చాలు. అనుమతి ఉన్న చోట డ్రోను ఉంటే పై వరుసలు చూడడం సులభమవుతుంది. పరిశీలన ఎప్పుడూ ఒకే క్రమంలో సాగాలి: పైనుండి కిందికి, ఉత్తరం నుండి మొదలుపెట్టి ప్రదక్షిణంగా. అలా చేస్తే ఏ ముఖమూ మరుపున పడదు.

పై అంచు. రాళ్లు వదులుగా ఉన్నాయా, మొక్కలు మొలిచాయా, నీరు లోపలికి దిగే పగుళ్లున్నాయా చూడాలి. చేటు తరచుగా ఇక్కడే మొదలవుతుంది.

నడిమి భాగం. ఎండ ఏటవాలుగా పడే ఉదయం వేళ గోడను పక్కనుండి చూస్తే ఉబ్బులు నీడలుగా తెలుస్తాయి. ఉబ్బు ఉన్నదంటే వెలుపలి ముఖం నడిమి పొరను విడిచి వస్తున్నదని అర్థం. అందుబాటులో ఉన్న ఎత్తులో కొయ్య సుత్తితో మెల్లగా తట్టి వినాలి. గట్టి గోడ ఖణేలుమంటుంది. డొల్లపడిన గోడ డబ్బు డబ్బుమంటుంది. ఉబ్బు ఉన్న చోట మాత్రం తట్టకూడదు.

అతుకులు. గచ్చు ఎంత లోతుకు రాలిపోయిందో కొలవాలి. చాకు మొనతో గీరితే పాత సున్నపు గచ్చు తెల్లగానో లేత గోధుమ రంగులోనో పొడి రాలుతుంది. ముదురు బూడిద రంగులో ఉండి గీతైనా పడకపోతే అది తరువాతి కాలపు సిమెంటు అయి ఉండవచ్చు. సిమెంటు ఎక్కడెక్కడ ఉందో పటంలో గుర్తించాలి. దాని చుట్టుపక్కలే లోపలి తేమను వెదకాలి.

పగుళ్లు. పగులు వెడల్పు, పొడవు, దిశ, అంచుల రంగు రాసుకోవాలి. అంచులు శుభ్రంగా, పదునుగా ఉంటే పగులు కొత్తది. నాచు, మసి పట్టి ఉంటే పాతది. వెడల్పు కంటే మార్పు ముఖ్యం. పగులుకు అటూ ఇటూ రెండు చిన్న ఇత్తడి గుర్తులను అతికించి, వాటి మధ్య దూరాన్ని నెలకొకసారి ఒకే వేళకు కొలవాలి. ఎండకు, చలికి గోడ స్వల్పంగా కదులుతూనే ఉంటుంది కాబట్టి ఏడాదిపాటు కొలిస్తే గాని నిజమైన కదలిక తెలియదు. 5 మిల్లీమీటర్లు దాటిన పగులును, ఎంత సన్నదైనా నెలనెలా పెరుగుతున్న పగులును ఇంజనీరుకు చూపాలి.

ఒరుగు. చాలా పొగగొట్టాలు కొద్దిగా ఒరిగే ఉంటాయి. ఆ ఒరుగు కట్టిన నాటిదా, నేటిదా అన్నదే ప్రశ్న. ఒకే స్థానం నుండి, ఒకే ఎత్తులో, ఏటా ఒకే నెలలో తీసిన ఛాయాచిత్రాలను పక్కపక్కన పెడితే సమాధానం దొరుకుతుంది. నిలబడిన స్థానాన్ని గుర్తించడానికి నేలలో ఒక రాయి పాతుకోవచ్చు.

పాదం. నేల మట్టం పెరిగిందా, నీరు నిలుస్తున్నదా, ఎలుకలు, చెట్ల వేళ్లు పునాదిని తొలిచాయా చూడాలి. పొయ్యి నుండి పొగను తెచ్చే భూగర్భ మార్గం చాలాచోట్ల పూడిపోయి, నీటి గుంటగా మారి ఉంటుంది. ఆ మార్గం కప్పు మీద అడుగు వేసే ముందు జాగ్రత్త అవసరం.

పరిశీలన ముగిశాక తేదీ, వాతావరణం, చూసినవారి పేరు, కనుగొన్న అంశాలు రాసి భద్రపరచాలి. ఇరవై ఏళ్ల నమోదు ఒకచోట ఉంటే ఇంజనీరుకు అది ఏ యంత్రమూ ఇవ్వలేని సమాచారం. వారసుల సంఘాలు చేయగల అతి విలువైన సేవ బహుశా ఇదే.

మరమ్మతు

మరమ్మతుకు మూడు సూత్రాలు. ఒకటి, నీటిని ఆపిన తరువాతనే తక్కిన పని. రెండు, కొత్త గచ్చు రాయికంటే, పాత గచ్చుకంటే గట్టిగా ఉండకూడదు. మూడు, అవసరమైనంత మేరకే మార్చాలి. 1964 నాటి వెనిస్ ప్రకటన కూడా చారిత్రక కట్టడాల సంరక్షణకు నిరంతర పోషణను మొదటి అవసరంగా పేర్కొంది.

మొక్కలను పీకకూడదు. పీకితే వేరుతో పాటు రాళ్లు ఊడిపోతాయి. కాండాన్ని మొదటికి కోసి, కోసిన చోట వెంటనే వేరును చంపే మందు పూసి, వేరు ఎండిపోయేవరకు వేచి ఉండాలి. సన్నని వేళ్లను తరువాత తీసి సందును గచ్చుతో నింపవచ్చు. లావుగా పెరిగిన వేళ్లు గోడనే పట్టి ఉంచుతున్నట్లయితే రాళ్లకు సంఖ్యలు వేసి, ఒక్కొక్కటిగా విప్పి, వేరు తీసి, తిరిగి అదే స్థానంలో పేర్చవలసి ఉంటుంది. అది అనుభవజ్ఞులైన మేస్త్రీల పని.

పాత సిమెంటును తొలగించడంలో తొందర పనికిరాదు. రాతి అంచులు పగిలే విధంగా అంటుకొని ఉంటే దానిని అలాగే వదలడం మేలు. వదులైన చోట సన్నని ఉలితో, చేతి సుత్తితో తీయాలి. యంత్రపు కోత రాతి అంచును శాశ్వతంగా గాయపరుస్తుంది.

అతుకులను తిరిగి నింపేటప్పుడు చెడిన గచ్చును అతుకు వెడల్పుకు కనీసం రెండింతల లోతు వరకు తీయాలి. సందును నీటితో కడిగి, తడిగా ఉండగానే కొత్త గచ్చును గట్టిగా అదిమి పెట్టాలి. సాధారణ పాళ్లు ఒక వంతు సున్నానికి మూడు వంతుల ఇసుక. తీర ప్రాంతాలలో, ఎత్తైన భాగాలలో సుర్ఖీ కలిపిన గచ్చు గాని, తేమలోనూ గట్టిపడే సహజ సున్నం గాని వాడవచ్చు. ఇసుకలో ఉప్పు, మట్టి ఉండకూడదు. మారిషస్‌లో లగూన్ల నుండి పగడపు ఇసుక తీయడం 2001లో నిలిపివేశారు. నేడు బసాల్టు రాయిని పిండి చేసిన ఇసుక దొరుకుతుంది. పాత గచ్చు రంగుకు, ఇసుక పరిమాణానికి సరిపోయే మిశ్రమాన్ని ముందుగా చిన్న చోట వేసి, ఆరాక చూసి ఎంచుకోవాలి.

పని చేయడానికి అనువైన కాలం జూన్ నుండి సెప్టెంబరు వరకు. అప్పుడు ఎండ తీవ్రత తక్కువ, తుఫాను భయం లేదు. సున్నపు గచ్చు త్వరగా ఆరితే బలం పట్టదు. అందుకే తడిపిన గోనెపట్టాలను కప్పి, కనీసం వారం రోజులు తేమ పోకుండా కాపాడాలి. సిమెంటుకు అలవాటు పడిన పనివారికి ఈ నిరీక్షణ వృథాగా తోస్తుంది. ముందే నచ్చజెప్పి, ఆ రోజులకు కూడా కూలి ఒప్పుకోవాలి. సున్నం కంటిలో పడితే చూపుకే ప్రమాదం; కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

పై అంచున వదులైన రాళ్లను తిరిగి పాదుకొల్పి, నీరు బయటికి జారేలా వాలుగా గచ్చు పెట్టాలి. తుప్పు పట్టిన ఇనుమును తీయగల చోట తీసి, తుప్పు పట్టని ఉక్కును వాడాలి. నడిమి పొర డొల్లపడిన చోట పల్చని సున్నపు ద్రవాన్ని సన్నని గొట్టాల ద్వారా కింది నుండి పైకి, కొంచెం కొంచెంగా నింపుతారు. ఒక్కసారిగా ఎక్కువ పోస్తే ద్రవపు ఒత్తిడికే గోడ ముఖం విడిపోవచ్చు. ఈ పనిని ఇంజనీరు పర్యవేక్షణ లేకుండా చేయరాదు.

జాతీయ వారసత్వంగా ప్రకటించిన కట్టడమైతే 2003 నాటి నేషనల్ హెరిటేజ్ ఫండ్ చట్టం వర్తిస్తుంది. అనుమతి లేనిదే ఒక రాయిని కూడా కదపరాదు. ప్రకటించని కట్టడాలకు చట్టపు రక్షణ తక్కువ. వాటి విషయంలో వారసుల శ్రద్ధ మరింత అవసరం.

పండుగ ముందు గాని, స్మారక దినం ముందు గాని కట్టడం అందంగా కనిపించాలని కోరుకోవడం సహజం. అప్పుడు చేయదగిన పనులున్నాయి: పాదం దగ్గరి చెత్త తీయడం, నీరు పోయే కాలువ తీయడం, లేత మొక్కలను కోయడం, చరిత్ర తెలిపే పలకను గోడకు కాక పక్కన నేలలో నాటడం. రంగు వేయడం, సిమెంటు పూయడం, మేకులు కొట్టడం, అధిక ఒత్తిడి నీటితో కడగడం చేయరానివి. మసి కూడా ఆ కట్టడపు చరిత్రలో భాగమే. లోపలి గోడ మీది నలుపు మన పూర్వికులు మోసిన చెరకు పిప్పి కాలగా మిగిలినది.

పదాల పట్టిక

అతుకు: రెండు రాళ్లు కలిసే చోటు, అందులో గచ్చు ఉంటుంది.

ఉలి: రాతిని, గచ్చును చెక్కే ఇనుప పనిముట్టు.

గచ్చు: సున్నం, ఇసుక, నీరు కలిపిన ముద్ద. రాళ్లను పట్టి ఉంచుతుంది.

గానుగ సున్నం: రాతి గానుగలో నూరిన సున్నపు గచ్చు.

గుండు: దారానికి కట్టి వేలాడదీసే బరువు. గోడ నిలువుగా ఉన్నదో లేదో చూపుతుంది.

చెమ్మ: గోడలోను, నేలలోను ఉండే తడి.

డొల్ల: పైకి నిండుగా ఉండి లోపల ఖాళీ అయినది.

తాపీ: గచ్చును ఎత్తి పెట్టే, పూసే పనిముట్టు. దానిని వాడేవాడు తాపీ మేస్త్రీ.

పిప్పి: రసం తీసిన తరువాత మిగిలే చెరకు.

పునాది: కట్టడం బరువును మోసే, నేలలోని భాగం.

బట్టీ: సున్నం గాని, ఇటుకలు గాని కాల్చే పెద్ద పొయ్యి.

బీట: సన్నని పగులు.

వరుస: గోడలో ఒకే మట్టాన పేర్చిన రాళ్లు.

సుర్ఖీ: గచ్చులో కలిపే ఇటుకపొడి.